అంకెలతో బతికే పల్లె

వానొస్తే గొడుగు ఉంది. దొంగల భయానికి తాళం ఉంది. మరి రంగూ రుచీ వాసనా లేని రేడియేషన్ వచ్చిపడితే? ‘ఇంట్లో ఓ మీటరు కొనిపెట్టుకుంటే పోలా’ అనిపిస్తుంది ఎవరికైనా. నిజంగా అంత అవసరమా? ఈ ప్రశ్నకు జవాబు బాగా తెలిసిన ఊరు జపాన్‌లో ఉంది. పేరు ఈతాతే.

ఫుకుషిమా నగరం నుంచి తూర్పు వైపు కొండదారిలో గంటసేపు ప్రయాణిస్తే ఈ ఊరొస్తుంది. ముప్పాతిక వంతు అడవే. మధ్యమధ్యలో వరి మళ్లు, విసిరేసినట్టు ఇళ్లు. ఈ ఊరి వాళ్లకు ఇష్టమైన మాట ఒకటుంది... ‘మదేయి’. ఏ పనైనా రెండు చేతులతో, శ్రద్ధగా చెయ్యడమని అర్థం. రోడ్డు పక్కన బాటసారుల కోసం 2017లో కట్టిన విడిది కేంద్రానికీ ఆ పేరే పెట్టుకున్నారు. అక్కడ స్థానికులు పండించిన కూరగాయలు, పూలు అమ్ముతారు. పక్కా పల్లెటూరే అనుకుంటుండగా కనిపిస్తుంది... బడి దగ్గరో పార్కు దగ్గరో నిలబెట్టిన తెల్లటి పెట్టె. పైన సౌరఫలకం, ముందు మెరిసే ఎర్రటి అంకెలు. అది చూపేది టైమో ఉష్ణోగ్రతో కాదు, ఆ చోట గంటకు ఎన్ని మైక్రోసీవర్ట్‌ల రేడియేషన్ ఒంటికి తగులుతుందో!

2011 మార్చి 11న భూకంపం, సునామీ. తీరంలోని ఫుకుషిమా దైచీ అణువిద్యుత్ కేంద్రంలో మూడు రియాక్టర్లు కరిగిపోయాయి. చుట్టూ 20 కిలోమీటర్ల మేర జనాన్ని ఖాళీ చేయించారు. ఈతాతే దానికి బయట, వాయవ్యంగా ఉంది. పైగా కొండ మీది ఊరు. అందుకే తీరం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఈ పల్లె అన్నం పెట్టింది. 15వ తేదీన గాలి ఇటు తిరిగింది. ఆపైన వాన, మంచు. గాల్లోని రేడియోధార్మిక ధూళి మొత్తం ఊరి మీద దిగింది. ఆ సాయంత్రం గ్రామ కార్యాలయం దగ్గర రీడింగు 40 దాటింది. ప్రమాదానికి ముందు ఈ ప్రాంతంలో మామూలుగా ఉండేది 0.1 కూడా కాదు. అయినా ఊరు ఖాళీ చెయ్యాలని నిర్ణయించింది ఏప్రిల్‌లో!

పొరుగునున్న నమియే పట్నం వాళ్లది ఇంకో కథ. రియాక్టర్లకు దూరంగా వెళుతున్నామనుకుంటూ సుషిమా అనే చోటికి చేరారు. విషగాలి వచ్చిందీ సరిగ్గా అటే. గాలి ఎటు మళ్లుతుందో అంచనా కట్టే కంప్యూటర్ వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది. ఆ లెక్కలు మాత్రం వాళ్లకు వేళకు అందలేదు.

ఇదిగో, ఇక్కడ పుట్టింది మీటర్ల మీద మోజు. మోజు అనడం తప్పేమో... నమ్మకం పోయినచోట జనం కళ్లకోసం వెతుక్కున్నారు. దుకాణాల్లో గైగర్ కౌంటర్లు అయిపోయాయి. దొరకనివాళ్ల కోసం ‘సేఫ్‌కాస్ట్’ అనే స్వచ్ఛంద బృందం మొదలైంది. కారు కిటికీకి తగిలించే పెట్టె తయారుచేశారు. అయిదు సెకన్లకోసారి రేడియేషన్ కొలిచి, ఆ చోటుతో సహా రాసుకుంటుందది. దానికి ‘బీగైగీ’ అని పేరు. బెంటో అంటే జపాన్ వాళ్ల భోజనం క్యారియరు. అంటే ఇది ‘క్యారియరు గైగర్’ అన్నమాట! మామూలు జనం తమ ఊళ్లమ్మట తిరిగి కొలిచిన ఆ లెక్కలు ఎవరైనా చూడొచ్చు.

మరి ఇంటికో మీటరు కొనేస్తే భయం తీరిందా? లేదు. 2011లోనే జపాన్ వినియోగదారుల కేంద్రం చవక మీటర్లను పరీక్షించింది. తక్కువ స్థాయిలో వాటి అంకెల్ని నమ్మలేమని తేల్చింది. అసలు అంకె పెరిగిందంటే ప్రమాదమనీ కాదు. మంచి మీటరుతో విమానం ఎక్కి చూడండి, పది కిలోమీటర్ల ఎత్తులో రీడింగు నేల మీదకన్నా ఎన్నో రెట్లుంటుంది. కారణం అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు. ఇంట్లో ఏ మామూలు రోజున ఎంత చూపుతుందో రాసిపెట్టుకోనివాడికి, ఆపద రోజున కనిపించే అంకె ఏం చెబుతుంది?

టోక్యోలోని సెతగయాలో జరిగింది చూడండి. 2011 అక్టోబరులో అక్కడివాళ్లు మీటర్లు పట్టుకుని వీధులు కొలుస్తుంటే ఓ కాలిబాట మీద రీడింగు రెండున్నర దాటింది. ఫుకుషిమా ధూళి ఇంత దూరం వచ్చిందని కలకలం. తవ్వి చూస్తే... పక్కనున్న పాత ఇంటి నేల కింద సీసాలు! వాటిలో రేడియం. ఎప్పటినుంచో అక్కడే ఉన్నాయి. అణుప్రమాదంతో ఏ సంబంధమూ లేదు. మీటరు అబద్ధం చెప్పలేదు, జనం ఊహించిన కారణమే తప్పు. అయితే ఆ మీటర్లే లేకపోతే ఆ సీసాల సంగతి బయటపడేది కాదు కదా!

ఈతాతేలో నేలను అయిదు సెంటీమీటర్ల మేర గీకి నల్ల సంచుల్లో నింపారు. 2017 మార్చి 31న ఊళ్లో ఎక్కువ భాగానికి ఆంక్షలు తీసేశారు. ఆరు వేలకు పైగా ఉన్న జనంలో తిరిగి వచ్చింది కొద్దిమందే, అదీ ఎక్కువగా పెద్దవాళ్లు. శుభ్రం చేసింది ఇళ్లు, పొలాలు, వాటిని ఆనుకున్న అడవి అంచులు మాత్రమే. లోపలి అడవి అలాగే ఉంది. సీజియం-137 సగానికి తగ్గడానికే 30 ఏళ్లు.

రాష్ట్రమంతా ఇలాంటి ఎర్ర అంకెల పెట్టెలు దాదాపు మూడు వేలున్నాయి. రీడింగులు తగ్గాయి కదా అని 2018లో వాటిలో 2,400 తీసేయాలని అధికారులు ప్రతిపాదించారు. జనం ఒప్పుకోలేదు. ముఖ్యంగా తల్లులు. ‘తగ్గిందని మీరు చెప్పడం కాదు, మాకు కనిపించాలి’ అన్నదే వాళ్ల వాదన. మర్నాటికి వెనక్కి తగ్గలేదుగానీ, మరుసటి ఏడాది అధికారులు ఆ ఆలోచన మానుకున్నారు.

చేతిలో పట్టుకునే మీటరు అసలు చెప్పలేనిది ఒకటుంది... కంచంలో ఏముందో. కిలోకు 100 బెక్వెరల్స్ దాటిన ఆహారం అమ్మకూడదన్నది అక్కడ 2012 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం. పుట్టగొడుగు ముందు గైగర్ కౌంటరు పెడితే ఆ తేడా తెలియదు. చుట్టూ సీసం కవచమున్న పెద్ద యంత్రం కావాలి. అది ఇంటికొకటి కొనేది కాదు. అందుకే ఫుకుషిమా ఊళ్లలో ఉమ్మడిగా పెట్టుకున్నారు, ఉచితంగా కొలిచిపెడతారు. తోటలో కాసినవాటికి భయం లేదు. వచ్చిన తంటా అల్లా అడవివాటితోనే. వసంతంలో చిగురించే కొషియబురా ఆకులు సీజియాన్ని మహా పీల్చుకుంటాయి. వాటితో తెంపురా వేసుకుంటే ఆ రుచే వేరట! కోసుకొచ్చిన సంచి పట్టుకుని వాళ్లు ముందు వెళ్లేది వంటింటికి కాదు, ఆ యంత్రం దగ్గరికి. అంకె చూశాక కొన్నిసార్లు సంచి అక్కడే వదిలేసి వెళతారు.