రెండు ఇంజన్లు, ఒకే కాడి

రైలెక్కాలంటే గోదావరి దాటి వెళ్లాల్సిన నేల మాది. అందుకే కోనసీమ పిల్లలకి రైలు కన్నా ముందు హెలికాప్టర్ తెలుస్తుంది. ముప్పై ఏళ్లు పంతులుగా పనిచేశాను. నా పాఠాన్ని మధ్యలో ఆపగలిగినవి రెండే. ఒకటి మధ్యాహ్నం భోజనం గంట. రెండోది కొబ్బరి చెట్ల మీదుగా సముద్రం వైపు పోయే హెలికాప్టర్. ఆ చప్పుడు వినిపిస్తే మా పిల్లలు కిటికీల దగ్గరకి ఉరికేవారు. తిట్టి లాభం లేదని నేనూ వెళ్లి చూసేవాణ్ణి.

ఆ వెళ్లేవి సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వే రిగ్గులకి. మా అక్క కొడుకు అలాంటి రిగ్గు మీదే పనిచేస్తాడు. పద్నాలుగు రోజులు నీళ్ల మీద, పద్నాలుగు రోజులు ఇంట్లో. వాడు ఎక్కేది డాఫిన్ రకం. ఆ పేరుకి ఫ్రెంచి భాషలో డాల్ఫిన్ అని అర్థం. ఇద్దరు పైలట్లు, పదిమంది దాకా మనుషులు పడతారు. చాలా హెలికాప్టర్లకి తోక చివర ఫ్యాను బయటకి కనిపిస్తుంది. దీనికి తోకలోనే గుండ్రటి కన్నం చేసి, అందులో బిగించినట్టు ఉంటుంది.

ఎక్కే ముందు మనిషినీ తూస్తారట, సంచీనీ తూస్తారట. "మా పెళ్లిచూపుల్లో కూడా ఇంత తూకం లేదురా" అని మా అక్క నవ్వేది. నవ్విందే గానీ, వాడు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడకి నిద్ర ఉండేది కాదు.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగేసింది. "సముద్రం మధ్యలో ఇంజను ఆగిపోతే ఏం చేస్తార్రా?"

"రెండు ఇంజన్లు ఉంటాయమ్మా. ఒకటి ఆగినా రెండోది తీసుకొస్తుంది."

"ఆగిపోయింది అడ్డం పడదా?"

మంచి ప్రశ్నే. వాడు కంచం ముందు నుంచి లేచి, పెరట్లో ఉన్న నా సైకిల్ స్టాండు వేసి, వెనక చక్రం తిప్పి చూపించాడు. మనం తొక్కడం ఆపేసినా చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా, ఫ్రీవీల్ వల్ల. హెలికాప్టర్లో ప్రతి ఇంజనుకీ అలాంటి ఏర్పాటే ఉంటుందట. ఆగిన ఇంజను తనంతట తాను విడిపోతుంది. రెండోది కాసేపు మామూలు కన్నా ఎక్కువ శక్తితో లాగి గండం గట్టెక్కిస్తుంది. ఒకే ఇంజను ఉన్న హెలికాప్టర్ కూడా ఇంజను ఆగగానే రాయిలా పడిపోదు. కిందికి దిగుతుంటే తగిలే గాలికి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి, నేర్పున్న పైలట్ దాన్ని మెల్లగా దించగలడు. కానీ దిగడానికి కింద నేల ఉండాలిగా! సముద్రం మీద ఎక్కడ దిగుతాడు? అందుకే రిగ్గులకి వెళ్లే ప్రయాణాల్లో రెండు ఇంజన్లు.

అక్కకి ధైర్యం చిక్కింది. నాకు మాత్రం పంతులు బుద్ధి పోనిచ్చుకోక ఇంకో అనుమానం వచ్చింది. "ఇంజన్లు రెండు సరే, పైన తిరిగే రెక్కల చక్రం ఒకటేగా?" అన్నాను. వాడు అమ్మ వైపు చూసి, నా వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అవును మావయ్యా. గేర్‌బాక్సూ ఒకటే. రెండు ఎద్దుల్ని కట్టినా కాడి ఒకటే కదా."

ఆ కాడి విరిగిన సంగతి తర్వాత పేపర్లో చదివాను. 2016 ఏప్రిల్ 29న నార్వేలో, చమురు కార్మికులతో ఒడ్డుకి వస్తున్న ఈసీ 225 హెలికాప్టర్‌కి పైన ఉన్న రెక్కల చక్రం గాల్లోనే ఊడిపోయింది. ఇంజన్లు రెండూ ఉన్నాయి. గేర్‌బాక్సులో ఒక పళ్లచక్రం లోలోపల పగులు బారింది. పదమూడు మంది పోయారు. ఆ కాగితాన్ని అక్క కంట పడకుండా మడిచి అటక మీద పడేశాను.

హెలికాప్టర్ అంటే మాకు ముందు నుంచీ భయమేం కాదు. దేవుడి లెక్కే. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా లంకలో డాబా ఇళ్లు నాలుగే. ఊరంతా వాటి మీదే. రెండో రోజుకి తినడానికి ఏమీ లేదు. అప్పుడు వచ్చిందండీ హెలికాప్టర్. పొట్లాలు జారవిడిచింది. సగం నీళ్లలో పడ్డాయి. ఈత వచ్చిన కుర్రాళ్లు దూకి తెచ్చారు. తడిసిన పులిహోర అంత రుచిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మా నాయనమ్మ ఆ పోయే హెలికాప్టర్‌కి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

అదే ఆకాశం మమ్మల్ని ఏడిపించింది కూడా. 2002 మార్చి 3, ఆదివారం. లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు భీమవరం నుంచి హైదరాబాద్ వెళ్తుంటే, కైకలూరు దగ్గర కొవ్వాడలంక చేపల చెరువులో హెలికాప్టర్ కూలిపోయింది. ఆయన మా కోనసీమ బిడ్డ. ఆ వార్త తెలిసిన సాయంత్రం మా ఊళ్లో పొయ్యి వెలిగించని ఇళ్లు చాలా ఉన్నాయి. అది బెల్ 206. ఒకే ఇంజను. "రెండు ఇంజన్లది అయ్యుంటేనా" అని అరుగుల మీద చాలాకాలం చెప్పుకున్నారు.

ఏడేళ్లకి ఆ మాటకీ జవాబు వచ్చింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు చిత్తూరు జిల్లాకి బయల్దేరింది బెల్ 430లో. దానికి రెండు ఇంజన్లు. ఇద్దరు పైలట్లు. నల్లమల మీద కమ్ముకున్న మేఘాల్లో, బలంగా కిందికి తోసే గాలిలో చిక్కుకుందని విచారణలో తేలింది. మర్నాడు ఉదయానికి గానీ జాడ దొరకలేదు. అయిదుగురూ లేరు. ఇంజన్లు రెండైనా వాతావరణం ముందు అవి చిన్నవేనని ఆ రోజు అందరికీ అర్థమైంది.

మా ఇంట్లో వాళ్లకి అది ఇంకోలా తెలిసింది.

2018 డిసెంబరు 15 రాత్రి మా బావ గుండెపోటుతో పోయాడు. మావాడు రిగ్గు మీద ఉన్నాడు. బంగాళాఖాతంలో పెథాయ్ తుపాను. పొద్దున్నే వాడికి కబురు చేశాం. "హెలికాప్టర్ రాగానే వచ్చేస్తాను మావయ్యా, నాన్నని ఉంచండి" అన్నాడు. ఐసు పెట్టె తెప్పించాం. చుట్టాలంతా వచ్చేశారు. ఒక్కొక్కళ్లూ బయటికెళ్లి ఆకాశం చూసి లోపలికి వస్తున్నారు. హెలికాప్టర్లు ఎగరడం లేదని మధ్యాహ్నానికి తెలిసింది. రేపు తుపాను తీరం దాటుతుందంటున్నారు, ఆ వానలో చితి అంటుకోదు, ఇవాళే కానివ్వాలన్నారు పెద్దలు. బావ తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టాడు. మర్నాడు తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. మా కొబ్బరితోటలో పదకొండు చెట్లు పడిపోయాయి.

మావాడు 18న వచ్చాడు. సంచయనానికి అందాడు గానీ తండ్రి ముఖం చూడలేదు. గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. "రెండు ఇంజన్లు ఉన్నాయిగా, ఎందుకు రారని రేడియో గదిలో వాళ్ల మీద అరిచాను మావయ్యా" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. అక్కే లేచి వచ్చి వాడి తల నిమిరింది. "మీ నాన్న ఎటూ పోయారు. ఆ గాల్లో నిన్ను ఎక్కించలేదు. ఆ పైలట్ ఎవరో, వాళ్లమ్మ కడుపు చల్లగా ఉండాలి" అంది.

అంత దుఃఖంలో ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

2022 జూన్ 28న ముంబై సముద్రంలో రిగ్గు దగ్గర దిగబోతూ ఒక ఎస్-76 హెలికాప్టర్ నీళ్లలో పడింది. అదీ రెండు ఇంజన్లదే. తొమ్మిది మందిలో అయిదుగురు బతికారు, నలుగురు పోయారు. ఆ రాత్రి మావాడు ఫోన్ చేసి తన శిక్షణ గురించి మొదటిసారి పూర్తిగా చెప్పాడు. ఇంజన్ల బరువంతా పైనే కాబట్టి నీళ్లలో పడ్డ హెలికాప్టర్ తలకిందులయ్యే ప్రమాదం ఎక్కువట. అందుకని ముందే ఒక డొల్ల గదిలో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, కొలనులో ముంచి తిరగేస్తారు. ఒక చెయ్యి కిటికీ అంచు మీద వదలకుండా ఉంచాలి. గది తిరగడం ఆగేదాకా బెల్టు విప్పకూడదు. తలకిందులుగా ఉన్నప్పుడు పైకీ కిందకీ తేడా తెలియదు కాబట్టి, ఆ చెయ్యే దారి చూపిస్తుంది. "భయం వేస్తుంది, కానీ తొందరపడకూడదు. నేర్పించేది అదొక్కటే" అన్నాడు.

తొందరపడకపోవడం అందరికన్నా పైలట్‌కి కష్టం. కింద ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు. 2021 నవంబరు 19న అనంతపురం జిల్లాలో చిత్రావతి మధ్య జేసీబీ మీద చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం వాళ్ల ఎంఐ-17 పైకి తీసుకుంది. టీవీలో చూస్తూ మా ఇంట్లో చప్పట్లు కొట్టాం. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుంటే, వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకి తెగించి వెళ్లి తీసుకొచ్చాడు. హెలికాప్టర్ రాలేదని అప్పుడు చాలామంది తిట్టుకున్నారు. ఎదురుచూసేవాళ్ల బాధ నాకు తెలుసు, కాదనను. కానీ ఎగరలేమని చెప్పేవాడికి కూడా ఎంత గుండె కావాలో మా ఇంట్లో చూశాను.

మావాడు ఇప్పటికీ అదే ఉద్యోగం చేస్తున్నాడు. వాడు డ్యూటీకి బయల్దేరే రోజు అక్క ఇంజన్ల గురించి అడగడం మానేసింది. ఒక్క మాటే చెబుతుంది. "మబ్బుగా ఉంటే ఆగమన్నారనుకో, వాళ్లతో గొడవ పడకు నాన్నా. రెండు రోజులు ఆలస్యమైతే ఇక్కడ కొంపలేం మునగవు."