పాత వెండికి ఇవాళ్టి ధర ఎందుకు?



2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటి ఇంకా పైకి పోయింది. ఆ సెగ మన బీదర్‌లో ముందు తగిలింది బిద్రీ పనివాళ్లకే. మన సంఘానికి కూడా తగిలింది. ఉగాది అతిథుల కోసం 50 జ్ఞాపికలు అడిగితే చౌబారా పక్క గల్లీలో ఉన్న కళాకారుడు ఒక్కోటి 3,500 అన్నాడు. మనవాళ్లు 2,800 దగ్గర పట్టుబట్టి కూర్చున్నారు. "అతని దగ్గరున్నది పాత వెండి, చౌకలో కొన్నాడు. మన దగ్గర ఇవాళ్టి రేటు ఎందుకు తీసుకోవాలి?" అన్నది వాళ్ల వాదన.

నేను చదివింది తమిళ మీడియం. మా లెక్కల పుస్తకంలో అడక్క విలై, విర్పనై విలై అని ఉండేవి. అంటే కొన్న ధర, అమ్మిన ధర. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే లాభం. మీరు తెలుగులోనో కన్నడంలోనో నేర్చుకున్నదీ అదే. గడిచిన ఏడాది జమాఖర్చు రాయడానికి ఆ లెక్క బాగానే ఉంటుంది. ఇవాళ ఈ ఆర్డరు ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకునేవాడికి అది పనికిరాదు. అతను చూసుకోవలసింది వేరు: ఈ వెండిని ఇక్కడ వాడేస్తే ఇంకోచోట ఎంత పోతుంది? ఎంబీఏ పిల్లలు దీన్నే ఆపర్చునిటీ కాస్ట్ అంటారు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఒక జ్ఞాపికకు 10 గ్రాముల వెండి. గ్రాము 75కి కొన్నాడు, ఇవాళ 150. జింకు, రాగి, బొగ్గు కలిపి 300. రెండు రోజుల కూలి 1,400. మన పాత లెక్క ప్రకారం అతనికి 2,450 పడింది కాబట్టి 2,800కి ఇచ్చినా 350 మిగులుతుంది. కానీ అదే వెండిని సరాఫా బజారుకు తీసుకెళితే ఏ పనీ చెయ్యకుండా 1,500 వస్తుంది. మనకు చేసిపెడితే 2,800లో 300, 1,400 పోగా చేతికొచ్చేది 1,100. ముక్కకు 400 చొప్పున 50 ముక్కలకు 20,000 నష్టం! బేరం గెలిచామని మనం సంతోషించే డబ్బు ఇదే.

రైల్వేలో ఉన్నవాణ్ణి కాబట్టి ఒకాయన నన్నే అడిగాడు: "ఖాళీ బెర్తు తక్కువకైనా అమ్ముకోవడం మంచిది కాదా?" మంచిదే. బండి ఎలాగూ కదులుతుంది, డ్రైవరు జీతం మారదు, ఒక ప్రయాణికుడు ఎక్కితే అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం. 2016 సెప్టెంబరులో రాజధాని, దురంతో, శతాబ్ది బండ్లలో ఫ్లెక్సీ ఛార్జీ పెట్టి, ప్రతి 10 శాతం బెర్తులు నిండగానే ధర 10 శాతం పెంచుతూ 1.5 రెట్ల దాకా తీసుకెళ్లారు. తీరా 2018 చివర్లో, సగం కూడా నిండని 15 బండ్లలో దాన్ని ఎత్తేయాలని నిర్ణయించాల్సి వచ్చింది. బండి వెళ్లిపోయాక ఖాళీ బెర్తుకు విలువ సున్నా మరి. వెండి అలా కాదు. ఇవాళ అమ్మకపోతే రేపు కూడా పెట్టెలోనే ఉంటుంది.

అయితే అతని దగ్గర కూడా బెర్తులాంటిది ఒకటుంది: అతని రోజు. పని లేక కూర్చున్న రోజు మళ్లీ రాదు. ఖాళీ నెలలో అడిగితే 1,400 కూలి బదులు 1,000కి ఒప్పుకున్నా అతనికి నష్టం లేదు, ఊరికే కూర్చోవడం కంటే నయం. కొట్టు అద్దె ఈ ఆర్డరు లెక్కలోకి రాదు, మనం కొన్నా కొనకపోయినా కట్టాల్సిందే. (ఏడాది మొత్తం మీద మాత్రం ఆ అద్దె ఎక్కడో ఒకచోట రావాలి. ప్రతి గిరాకీ మనలాగే బేరమాడితే కొట్టు మూతపడుతుంది.) పెళ్లిళ్ల కాలంలో చేతినిండా పని ఉన్నప్పుడు కూలి తగ్గించమనడం అన్యాయం.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. వెండికి ఆ రోజు సరాఫా రేటు విడిగా కడదాం, దాని మీద బేరం వద్దు. ఆర్డరు ఉగాది ముందు హడావిడిగా కాకుండా వానాకాలంలోనే ఇద్దాం, అప్పుడు కూలి దగ్గర మాట్లాడవచ్చు. వెండి రేకు పొదిగే నమూనా బదులు సన్న తీగ పని అడుగుదాం. అందులో వెండి తక్కువ, చేతి పని ఎక్కువ. వెండి ప్రియమై చేతులు ఖాళీగా ఉన్న కాలానికి అదే సరిపోతుంది. కోట మట్టితో నల్లబరిచిన ముక్క మీద సన్న తీగే ఎక్కువ అందంగా ఉంటుందని నా అభిప్రాయం, మా ఇంట్లో మాత్రం ఒప్పుకోరు.