సైకిల్ ట్యూబు తీసేశాను

మా వరండాలో వరసగా పెట్టిన మూడు పాత చైన్ రంపాల ఫొటో చూసి, రిటైరయ్యాక ఈ పిచ్చేమిటని కొందరు అడిగారు. పిచ్చే, కాదనను. అయితే ఆ పిచ్చిలో నేనొక తప్పు చేశాను. అది చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మొదటిది బళ్ళారిలో పాత ఇనుము కొట్లో దొరికింది. స్టిల్ 070. 106 సీసీ ఇంజను, ఒక్కటే సిలిండరు. 1959లో ఆ జర్మనీ కంపెనీ తెచ్చిన కాంట్రా వంశంలోది. కొట్టతను కిలోల లెక్కన తూకం వేసి ఇచ్చాడు. మన దిక్కు ఇలాంటివి సర్కారు తుమ్మ నరకడానికే ఎక్కువగా అరిగాయి. ఆ చెట్టును కన్నడంలో బళ్ళారి జాలి అంటారు. ఊరికి మంచి పేరు తెచ్చే చెట్టేమీ కాదనుకోండి.

జీవితమంతా గూడ్సు ఆఫీసులో రశీదులు రాసిన చెయ్యి నాది. స్పానరు పట్టడం అరవై దగ్గర పడ్డాకే నేర్చుకున్నా. పిస్టన్ బిగుసుకుపోయి ఉంటే ప్లగ్గు రంధ్రంలో డీజిలు పోసి నాలుగు రోజులు వదిలేశా. ఐదో రోజు ఫ్లైవీల్ అంగుళం కదిలింది. ఆ అంగుళానికి నేను పడ్డ సంతోషం ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా పడలేదు. కార్బురేటరులో రబ్బరు పొర అప్పడంలా ఎండిపోయింది, కొత్తది వేశా. నల్లబడ్డ పాయింట్లను సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, తెల్ల కాగితంతో తుడిచా. ఫ్లైవీల్‌కూ కాయిల్‌కూ మధ్య విజిటింగ్ కార్డు పట్టేంత సందు పెట్టా. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి తాడు లాగితే, భుజం ఊడేలోగా అంటుకుంది. వీధి కుక్కలన్నీ లేచాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. కొత్తదానిలా కనబడాలని ఆశ పుట్టింది. పిడికి చుట్టిన సైకిల్ ట్యూబు ముక్కలు జిడ్డుగా ఉన్నాయని బ్లేడుతో కోసి పారేశా. పక్కన పెద్ద సొట్ట ఉంటే మెత్తి, నున్నగా రుద్ది, రంగు కొట్టా.

ఆ మిషన్ మన సంగనకల్లులోనే ఒక కట్టెలు కోసే పెద్దాయనదని తర్వాత కొట్టతను చెప్పాడు. పిలిపించా. ఆయన చుట్టూ తిరిగి చూసి, పక్కన చేత్తో తడిమాడు.

"నాది గాదు సార్ ఇది. నా దానికి ఈడ దెబ్బ ఉండె. మొద్దు పడె. పిడికి ట్యూబు చుట్టి ఉంటి."

ట్యూబెందుకని అడిగితే వేళ్ళు చూపించాడు. చలికాలం పొద్దున వేళ్ళు తెల్లగా పాలిపోతాయట, స్పర్శ ఉండదట. చొక్కా గుండీలు భార్యే పెట్టాలట. ఆ పాత రంపాల్లో ఇంజనుకూ పిడికీ మధ్య రబ్బరు ఉండేది కాదు. అదురంతా నేరుగా చేతుల్లోకి ఎక్కేది. ఏళ్ళ తరబడి అలా పనిచేస్తే వేళ్ళ రక్తనాళాలూ నరాలూ దెబ్బతింటాయి. కంపెనీ పెట్టని రబ్బరు ఆయన పెట్టుకున్నాడు. నేను దాన్ని మురికి అనుకున్నా.

మీదే నాయనా అని ఎంత చెప్పినా నమ్మలేదు. నన్ను నొప్పించకూడదని కాబోలు, నవ్వి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ వారం మనసు బాగాలేక హిరేగుడ్డ ఎక్కా. బయటి ఊళ్ళ సభ్యుల కోసం చెప్తున్నా. సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందట ఈ కొండ మీద రాతి గొడ్డళ్ళ కార్ఖానా నడిచింది. కొండలో గోడలా పొడుచుకొచ్చిన డోలరైట్ నల్లరాయిని పగలగొట్టి, చెక్కి, బండల మీద నూరేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ చుట్టుపక్కల తిరిగి లోకానికి చెప్పాడు. తర్వాత మన సుబ్బారావుగారు తవ్వి, 1948లో బళ్ళారి రాతియుగం మీద పుస్తకం వేశారు. మనం గొడ్డలి అంటాం, కన్నడంలో కొడలి, నేను బడిలో చదివిన తమిళంలో కోడాలి. చెట్టు కొట్టే పనిముట్లు పోగుచేసేవాడికి ఇంతకంటే మంచి ఊరు ఎక్కడ దొరుకుతుంది?

అక్కడ పెచ్చులు ఇంకా పడి ఉన్నాయి. నూరిన చోట బండల్లో గాళ్ళు పడ్డాయి, వేలు పెడితే సరిగ్గా దిగుతుంది. ఆ గాళ్ళే లేకపోతే అక్కడ మనుషులు కూర్చుని పనిచేశారని మనకేం తెలుస్తుంది? బళ్ళారిలో ఫూట్ పేరు మీదున్న మ్యూజియంలో కూడా విరిగిన గొడ్డలిని విరిగినట్టే పెట్టారు. ఎవరూ సిమెంటు పూయలేదు. ఒక పెచ్చు జేబులో వేసుకుందామని వంగాను కూడా, పోగుచేసేవాడి బుద్ధి. ఉన్నచోటే వదిలి దిగొచ్చేశా.

రెండో మిషన్‌కు లోపలి పని మాత్రమే చేశా. పైన కిరసనాయిలుతో కడిగి వదిలేశా. గీతలు, దెబ్బలు, ఎవరో మేకుతో గీకిన రెండక్షరాలు అన్నీ అలాగే ఉన్నాయి.

పెద్దాయన ఇప్పుడు ఆదివారాలు వస్తున్నాడు. మొదటిదాన్ని ఇప్పటికీ "సార్ మిషన్" అంటాడు. నేను చైను గురించి చదివిందంతా ఆయనకు చెప్పా. ఓరెగాన్‌లో జో కాక్స్ అనే అతను 1946లో కలపను తొలిచే పురుగు దవడలు చూసి, ఇప్పటి వంకర పళ్ళ చైను తయారుచేశాడని. ఆయన విన్నాడు. తర్వాత నేను ఆకురాయి పట్టిన చైను తీసుకుని, ఒక్కో పన్ను మీద బొటనవేలు ఆనించి, ఆ వేలికి ఏమీ తెలియక, కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఎడమ పండ్లు పొట్టిగా చేస్తివి సార్. ఇది నేరుగా కొయ్యదు, వంకరగా పోతాది. ఇటివ్వు."