పసుపు వంతెన మీదుగా

మ్యాచ్ సాయంత్రం 6.40కి. ఐదున్నర కాకముందే మా చెల్లెలి కొడుకు అందర్నీ తొందరపెట్టి కారెక్కించాడు. వాడికి పద్నాలుగేళ్లు. పుట్టిందీ పెరిగిందీ పిట్స్‌బర్గ్‌లోనే. "స్టేడియం దాకా కార్లో వెళ్లకూడదు పెద్దమ్మా, బ్రిడ్జి మీద నడిచే వెళ్లాలి" అన్నాడు. ఎందుకో వంతెన ఎక్కాక తెలిసింది. మ్యాచ్ ఉన్నరోజు రాబర్టో క్లెమెంటే వంతెన మీదికి బండ్లను రానివ్వరు. నిండా పసుపు రంగు వేసిన ఉక్కు వంతెన, కింద అలెగేనీ నది, ఎదురుగా సాయంత్రపు ఎండలో పీఎన్‌సీ పార్క్. చేతికి గ్లవ్ తొడుక్కున్న పిల్లలు, కర్ర పట్టుకుని మెల్లగా నడిచే ముసలివాళ్లు, అందరూ ఒకే దిక్కుకు. ఉప్పల్‌లో మెట్రో దిగి స్టేడియం వైపు నడిచేటప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో ఇక్కడా అలాగే కొట్టుకుంది.

"మనం ఓడిపోవచ్చు పెద్దమ్మా, ఫీలవకు" అన్నాడు వాడు నడుస్తూనే.

"నేను ఈ ఊరిదాన్ని కాదుగా నాన్నా, 'మేము' అనాలి" అని సరిదిద్దాను. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట కాబట్టి వాడికి ఆ తేడా ఇంకా పట్టుబడలేదు.

ఈ ఊరి రంగులు నలుపు, పసుపు. విలియం పిట్ వంశచిహ్నం నుంచి నగరం జెండాకు వచ్చాయి, జెండా నుంచి జట్లకు. ఫుట్‌బాల్ ఆడే స్టీలర్స్, ఐస్ హాకీ ఆడే పెంగ్విన్స్, బేస్‌బాల్ ఆడే పైరేట్స్, ముగ్గురివీ అవే రంగులు. ముందురోజు పెన్ హిల్స్‌లో, 1970ల్లో కట్టిన వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. పులిహోర కోసం నిలబడ్డ వరుసలో ఇద్దరు పిల్లలు స్టీలర్స్ చొక్కాల్లో కనిపించారు. స్టీలర్స్ ఆరుసార్లు సూపర్ బౌల్ గెలిచారు, పెంగ్విన్స్ ఐదుసార్లు స్టాన్లీ కప్ తెచ్చారు. పైరేట్స్ మాత్రం 1979 తర్వాత వరల్డ్ సిరీస్ మొహం చూడలేదు. మావాడు ప్రాణం పెట్టుకున్నది ఈ మూడో జట్టు మీదే.

స్టేడియం 2001లో మొదలైంది. సుమారు 38 వేల సీట్లు, రెండే అంతస్తులు. అందుకే ఎక్కడ కూర్చున్నా ఆటగాళ్లు దగ్గరగా కనిపిస్తారు. మైదానం ఆవల నది, నది ఆవల ఊరి ఎత్తైన భవనాలు. కుడివైపు గోడ మిగతా వాటికన్నా బాగా ఎత్తు. "21 అడుగులు పెద్దమ్మా. క్లెమెంటే నంబరు 21" అన్నాడు మావాడు. ఆ మాట చెప్పేటప్పుడు వాడి గొంతు తగ్గింది.

క్లెమెంటే ప్యూర్టో రికోవాడు. 1955లో వచ్చి 18 సీజన్లూ ఈ ఒక్క జట్టుకే ఆడాడు. 1960, 1971 వరల్డ్ సిరీస్‌లు గెలిచిన జట్లలో ఉన్నాడు. నల్లవాడు, పైగా స్పానిష్ యాసతో ఇంగ్లీషు మాట్లాడేవాడు. తొలి ఏళ్లలో పత్రికలు అతని ఉచ్చారణను ఉన్నదున్నట్టు అచ్చేసి నవ్వులపాలు చేసేవి. 1972 సెప్టెంబరు 30న సరిగ్గా మూడువేలో హిట్ కొట్టాడు. ఆ డిసెంబరులో నికరాగువాలో భూకంపం వచ్చింది. ముందు పంపిన సహాయ సామగ్రి బాధితులకు చేరడం లేదని విని, డిసెంబరు 31 రాత్రి తానే విమానమెక్కాడు. ఎగిరిన కాసేపటికే అది సముద్రంలో కూలింది. అతని దేహం దొరకలేదు. అప్పటికి 38 ఏళ్లు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చడానికి ఉండే ఐదేళ్ల గడువును అతని కోసం సడలించి మరుసటి ఏడాదే, అంటే 1973లోనే చేర్చారు. రికార్డుల్లో అతని హిట్ల లెక్క మూడువేల దగ్గరే ఆగిపోయింది. ఆ గోడ వంక చూసినప్పుడల్లా నాకు ఆ సంఖ్యే మనసులో మెదిలింది.

ఆట సంగతికొస్తే, క్రికెట్ చూసిన కంటికి మొదటి రెండు ఇన్నింగ్స్ ఏమీ జరగనట్టే ఉంటాయి. తర్వాత ఒక విషయం అర్థమైంది. పది ప్రయత్నాల్లో మూడుసార్లు హిట్ కొట్టగలిగినవాణ్ణి ఇక్కడ గొప్ప బ్యాటర్ అంటారు. క్లెమెంటే జీవితకాలపు సగటు .317. ఒక్కో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. బ్రహ్మాండమైన జట్టు కూడా 60 దాకా ఓడుతుంది. ఓటమిని రోజూ వంటింట్లో ఉప్పులా వాడే ఆట ఇది. నాకు అక్కడే బేస్‌బాల్ మీద మనసు పడింది.

కొత్త ఆశాకిరణం పాల్ స్కీన్స్ బంతి విసిరే వంతు ఆ రోజు కాదు. పక్క సీట్లో అరవై దాటిన ఒకాయన కాగితం మీద పెన్సిల్‌తో ప్రతి బంతీ రాసుకుంటున్నారు. మావాడికీ ఆయనకూ క్షణంలో స్నేహం కుదిరింది. 1992 సెమీఫైనల్ సిరీస్ ఏడో మ్యాచ్ గురించి ఆయన నిన్న జరిగినట్టు చెప్పారు. అట్లాంటాతో చివరి ఇన్నింగ్స్‌కు ముందు 2-0 ఆధిక్యం. చివరికి 3-2తో ఓటమి. గెలుపు పరుగు తీసినవాడు సిడ్ బ్రీమ్, ఒకప్పటి పైరేట్స్ ఆటగాడే, మోకాళ్లు దెబ్బతిన్నవాడు. ఆ చలికాలంలోనే జట్టు స్టార్ బ్యారీ బాండ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లిపోయాడు. తర్వాత 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. అమెరికా పెద్ద లీగుల్లో మరే జట్టూ అన్నేళ్లు అలా గడపలేదు.

కారణం ఆటగాళ్ల చేతకానితనం ఒక్కటే కాదు. ఫుట్‌బాల్‌లో, హాకీలో జట్ల జీతాల ఖర్చుకు పరిమితి ఉంది. బేస్‌బాల్‌లో అలాంటి గట్టి పరిమితి లేదు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పెట్టగలిగినంత ఈ ఊరు పెట్టలేదు. ఇక్కడ ఎదిగినవాణ్ణి అక్కడివాళ్లు ఎత్తుకెళ్తారు. ఇది అన్యాయమనే నేనంటాను. అయినా 2013 అక్టోబరు 1 రాత్రి, 21 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్ మ్యాచ్ ఈ ఊరికి వచ్చింది. స్టేడియమంతా నల్ల చొక్కాలు. సిన్సినాటి బౌలర్ క్వేటో పేరును సాగదీస్తూ అరిచారు. అతని చేతిలోంచి బంతి జారి కిందపడింది, తర్వాతి బంతినే రస్సెల్ మార్టిన్ హోమ్ రన్ కొట్టాడు. "ఇరవయ్యేళ్లూ ఆ ఒక్క రాత్రికి సరిపోయాయి" అన్నారాయన, పెన్సిల్ ఆపకుండానే.

నాకు మా ఐపీఎల్ క్రికెట్ జట్టు డెక్కన్ చార్జర్స్ గుర్తొచ్చింది. 2008లో అట్టడుగున నిలిచి, 2009లో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో కప్పు గెలిచారు. ఆ రాత్రి మా వీధిలో టపాసులు కాల్చాం. 2012తో ఆ జట్టే లేకుండా పోయింది. తర్వాత వచ్చిన సన్‌రైజర్స్‌ను ప్రేమించాను, 2016లో వార్నర్ కప్పెత్తినప్పుడు కన్నీళ్లు వచ్చాయి. కానీ నా నీలం జెర్సీ ఇప్పటికీ బీరువాలోనే ఉంది. దాన్ని వేసుకుని ఎవరి కోసం అరవాలి? పైరేట్స్ 1887 నుంచి నేషనల్ లీగ్‌లో ఉన్నారు. ఓడినా రేపు మళ్లీ అదే వంతెన, అదే పేరు. ఆ భరోసా ఎంత పెద్దదో ఈ ఊరివాళ్ల కన్నా నాకే బాగా తెలుసనిపించింది.

ఆ రాత్రి ఓడిపోయాం. జనం అరవలేదు, తిట్టుకోలేదు. నది మీద గాలి చల్లగా ఉంది. వంతెన దాటుతూ మావాడు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌ల కథ చెప్పాడు. ఉత్తరప్రదేశ్‌లో జావెలిన్ విసిరే ఇద్దరు కుర్రాళ్లను 2008లో తీసుకున్నది ఈ పైరేట్సే. అమెరికన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఒప్పందం కుదిరిన తొలి భారతీయులు వాళ్లు. పెద్ద లీగ్ దాకా రాలేకపోయినా, ఈ రంగుల్లో ఆడారన్నది వాడికి చాలు.

మర్నాడు ఓక్‌లాండ్‌కు తీసుకెళ్లాడు. పాత ఫోర్బ్స్ ఫీల్డ్ ఉన్నచోట ఇప్పుడు యూనివర్సిటీ భవనాలు. ఇటుక గోడ కొంత ఇంకా నిలబడి ఉంది, తీగ అల్లుకుని. మిగతా గోడ ఉన్నచోట కాలిబాటలో ఇటుకల వరస పరిచారు. 1960 అక్టోబరు 13న, వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, స్కోరు 9-9 ఉండగా బిల్ మజరోస్కీ కొట్టిన బంతి గోడ దాటిన చోట ఒక ఫలకం ఉంది. ఆ సిరీస్ మొత్తంలో యాంకీస్ 55 పరుగులు చేస్తే పైరేట్స్ చేసినవి 27. కప్పు మాత్రం పైరేట్స్‌దే. ఏటా ఆ తేదీన జనం ఈ గోడ దగ్గర చేరి ఆనాటి రేడియో ప్రసారాన్ని మొదటినుంచీ మళ్లీ వింటారట.

1960 అక్టోబరులో మా నాన్న తెనాలిలో తొమ్మిదో తరగతి చదువుతున్నారు. ఆయన మనవడు ఆ ఫలకం పక్కన నిలబడి, టోపీ తీసి గాల్లో తిప్పాడు.

"ఇక్కణ్ణుంచే పెద్దమ్మా, మేము గెలిచింది" అన్నాడు, నేను నేర్పిన మాట జాగ్రత్తగా గుర్తుపెట్టుకుని.

"మనం" అన్నాను.