నలభై బస్తాల వడ్లు

ఫజ్ర్ నమాజు ముగించుకొని సికింద్రాబాదులో గుంటూరు వైపు వెళ్ళే రైలెక్కాము. బీబీనగర్ దగ్గర ప్రధాన మార్గాన్ని విడిచి రైలు దక్షిణానికి మళ్ళుతుంది. చిట్యాల, నల్గొండ దాటేవరకు గుట్టలు, బీడు పడిన చెలకలు. ఆ తరువాత కిటికీ అవతల వరి కొయ్యకాళ్ళు మొదలవుతాయి. అది నాగార్జునసాగర్ ఎడమ కాలువ చలువ. 1955లో ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీరు వదిలారు. ఆ నీటి వెంట పంట వచ్చింది, పంట వెంట మరలు వచ్చాయి. మిర్యాలగూడ స్టేషనులో దిగిన బాటసారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఉడికిన వడ్ల వాసన, ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలు ఆ ఊరి వృత్తి ఏమిటో చెబుతాయి.

మేము వెళ్ళిన పని చిన్నదే. మామూజాన్ యాసంగి పంటలో అమ్మకానికి పోగా, కుటుంబాల తిండికని నలభై బస్తాల వడ్లు ఉంచారు. అమ్మిన వడ్ల ఉష్ర్‌ను ఆ డబ్బులోనుంచి అప్పుడే చెల్లించారు. ఈ నలభై బస్తాల ఉష్ర్‌ను మాత్రం బియ్యంగానే పేదల ఇళ్ళకు చేర్చాలని ఆయన కోరిక. మోటారుకు, నీటికి ఖర్చు పెట్టి పండించిన పంట కాబట్టి ఇరవైయవ వంతు, అంటే రెండు బస్తాల వడ్లకు వచ్చే బియ్యం. పేదవానికి వడ్లిస్తే మర ఖర్చు అతని నెత్తిన పడుతుందన్నది ఆయన వాదన. మాకది నచ్చింది.

పెద్ద మిల్లులు ఇంటి వడ్లను పట్టించుకోవు. రైతుల తిండి వడ్లు ఆడించి ఇచ్చే ఒక మధ్యతరహా మిల్లుకు మామూజాన్ తీసుకువెళ్ళారు. కాటా మీద తూకమయ్యాక వడ్లను నేలలోని గుంటలో పోశారు. అక్కడినుంచి ధాన్యాన్ని మనిషి చేయి తాకదు. బెల్టుకు బిగించిన చిన్న చిన్న డబ్బాలు, ఎలివేటర్ అంటారు దాన్ని, గింజలను పైకి మోసుకుపోయి జల్లెడల మీద కుమ్మరిస్తాయి. తాలు, గడ్డి, మట్టిగడ్డలు అక్కడే పోతాయి. పక్కన రాళ్ళు ఏరే యంత్రం ఉంది. రాయీ గింజా ఒకే పరిమాణంలో ఉంటే జల్లెడ ఏమీ చేయలేదు. అందుకే ఇక్కడ కిందినుంచి గాలి కొడుతుంది, తేలికైన గింజ తేలి కిందికి జారుతుంది, బరువైన రాయి ఊగే పళ్ళెం మీద ఎదురెక్కుతుంది.

తరువాతిది షెల్లరు. రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి, అయితే ఒకే వేగంతో కాదు. ఆ వేగాల తేడాయే పొట్టును ఒలుస్తుంది. వేగంగా తిరిగే రోలరు ముందుగా అరిగిపోతుంది కనుక పనివాళ్ళు రెండింటినీ అప్పుడప్పుడు అటూ ఇటూ మారుస్తారు. ఒలిచిన ఊకను గాలి లాగేసుకుంటుంది. ఇంత చేసినా నూటికి సుమారు పది గింజలు పొట్టుతోనే మిగులుతాయి. రోలర్లను ఇంకాస్త దగ్గరకు బిగిస్తే అవీ ఒలవవచ్చు గాని, అప్పుడు మిగతా బియ్యం విరుగుతుంది.

ఆ మిగిలినవాటి కోసమే సెపరేటరు. మేము ఎక్కువసేపు నిలబడింది దాని ముందే. గుంటలు గుంటలుగా ఉన్న వాలు పళ్ళేలు ఎడతెగక ఊగుతుంటాయి. పొట్టు వీడిన ముడిబియ్యం నునుపైనది, గట్టిది. అడుగుకు చేరి పళ్ళెం గుంటల తోపుడుకు పైవైపు నడుస్తుంది. వడ్లు పైన తేలి కిందివైపు జారుతాయి. జారిన వడ్లు మళ్ళీ షెల్లరుకే వెళతాయి. ఎటూ తేలని మధ్యభాగం తిరిగి ఇదే యంత్రంలో పడుతుంది. ఒక యంత్రం తాను చేయలేకపోయిన పనిని దాచదు, పక్కదానికి అప్పగిస్తుంది. పక్కది దాన్ని తిరిగి పంపితే కాదనకుండా మళ్ళీ అందుకుంటుంది.

మాతో వచ్చిన నానీకి మరలంటే మొదటినుంచీ పడదు. ఆమె బాల్యంలో రోకలి, చేట, జల్లెడ, రాళ్ళు ఏరే అమ్మాయిల కళ్ళు ఒకే వాకిట్లో ఉండేవి. తరువాత ఊళ్ళోకి హల్లరు వచ్చింది. పొట్టూ తవుడూ ఒకే ఇనుప గొట్టంలో గీకి, ఊక, తవుడు, నూక కలగలిసిన చిట్టును బయటికి తోసేది. ఈ మిల్లంతా చూశాక ఆమె, "ఇది మా వాకిలే, కాస్త పెద్దది చేశారు" అన్నారు. ఆలోచిస్తే నిజమే. హల్లరు ఒక్కటే చేయబోయి చెడగొట్టిన పనిని ఈ మిల్లు మళ్ళీ పదిమందికి పంచింది. చివరనున్న సార్టెక్స్ యంత్రం ఆ అమ్మాయిల కళ్ళకు బదులు: కెమెరా రంగు మారిన గింజను పట్టుకుంటుంది, గాలి తునక దాన్ని వరుసలోనుంచి ఎగరగొడుతుంది.

పాలిషరు తవుడును గీకింది, గ్రేడరు నూకను వేరు చేసింది. చిక్కు అక్కడ వచ్చింది. నూకల గొట్టం కింద బస్తా మీద బస్తా నిండుతోంది. వంద కిలోల వడ్లకు నూకతో కలిపి 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడైతే 68 కిలోలు రావాలన్నది ప్రభుత్వ లెక్క. మా మొత్తం తూకం ఆ లెక్కకు దగ్గరగానే ఉంది గాని, అందులో నిండు గింజ తక్కువ. మామూజాన్ ముఖం ఎర్రబడింది. "పాలిషర్‌ను గట్టిగా బిగించారు సేటుగారూ. తవుడు ఎక్కువ తీసుకోవాలనా?" అన్నారు. మేమూ మనసులో అదే అనుకున్నామని ఒప్పుకోవాలి.

మిల్లు యజమాని కోపగించుకోలేదు. "సాబ్, వెనక్కి నడవండి" అన్నాడు. పాలిషరులోకి పోబోయే ముడిబియ్యం గుప్పెడు పట్టి మా అరచేతుల్లో పోశాడు. అందులోనే ముక్కలున్నాయి. మరింత వెనక్కి వెళ్ళి, గుంటలో మిగిలిన వడ్లను తీసుకొని గోటితో పొట్టు ఒలిచాడు. మొబైలు దీపానికి ఎదురుగా ఒక్కో గింజను పట్టాడు. అద్దంలో పగులులా, గింజకు అడ్డంగా సన్నని గీత! మరో గింజలో రెండు గీతలు. అవి ఇంకా ఏ రోలరునూ తాకని వడ్లు.

"ఎక్కడ ఆరబెట్టారు?" అని అడిగాడు. మామూజాన్ కాసేపు మాట్లాడలేదు. కోసిన వడ్లను తారురోడ్డు మీద పోశారు. మే నెల ఎండ, కింద కాలే తారు. రెండవ రాత్రి అకాలపు జల్లు పడింది, కప్పడానికి సరిపడా పరదాలు లేవు. మరునాడు మళ్ళీ ఎండలో నెరిపారు. ఎండి గట్టిపడిన గింజ ఒక్కసారిగా తడి పీలిస్తే పైపొర ఉబ్బుతుంది, లోపలి భాగం ఉబ్బదు. ఆ లాగుడుకే గింజ పగులుతుంది. పొట్టు లోపల జరిగే పని కాబట్టి బయటినుంచి చూస్తే బంగారంలాంటి వడ్లే. యాసంగి వడ్లను ఎక్కువగా ఉప్పుడు బియ్యంగా మార్చడానికి ఇదే కారణం. నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు గింజలోని పిండిపదార్థం మెత్తబడి పగుళ్ళు అతుక్కుంటాయి. ఆ ఆవిరికి బాయిలరులో కాల్చేది మన ఊకే. పచ్చి బియ్యమే కావాలని పట్టుపట్టింది మేమే.

మామూజాన్ యజమాని రెండు చేతులూ పట్టుకొని, "మాఫ్ చేయండి సేటుగారూ, అనకూడని మాట అన్నాను" అన్నారు. అనుమానాలకు దూరంగా ఉండమన్న అల్ హుజురాత్ సూరా ఆజ్ఞను ఆయన మాకు ఎన్నిసార్లు బోధించారో! ఆ రోజు మాత్రం ఏమీ బోధించలేదు.

ఇక ఉష్ర్ సంగతి. నూకలు ఇంతగా ఉన్నప్పుడు ఏ బస్తా పేదలది? ఇంటిల్లిపాదికీ నిండు బియ్యం చాలవేమోనన్న బెంగ మాలో కొందరికి లేకపోలేదు. చెడ్డదాన్ని ఏరి దానం చేయవద్దని అల్ బఖరా సూరా చెప్పిన మాట నానీయే ఎత్తారు. వచ్చిన మొత్తం బియ్యంలో ఇరవైయవ వంతు లెక్కకట్టి, ఆ తూకమంతా నిండు గింజతోనే మొదట నింపించి, మూతులు కుట్టించారు. ఆ తరువాతే మా బస్తాలు నిండాయి. నూకలన్నీ ఇంటివంతుకే వచ్చాయి. ఈ ఏడాది మా ఇళ్ళలో ఖిచిడీ, జావ కాస్త ఎక్కువే ఉడుకుతాయి.

తవుడు కోసం మిల్లు వాకిట లారీ ఎదురుచూస్తోంది. తవుడు గంటల్లోనే కంపు పట్టే సరుకు, ఆలస్యమైతే నూనె తీసే కర్మాగారానికి పనికిరాదు. దానికి దారి ఇస్తూ మా ట్రాలీ రోడ్డెక్కింది. బజారు మలుపులో మామూజాన్ ఆగమన్నారు. దిగి, ఎదురుగా ఉన్న టార్పాలిన్ల దుకాణంలోకి వెళ్ళి, అన్నిటికన్నా పెద్ద పరదా వెల ఎంతని అడిగారు.