సాక్షికి చోటెక్కడ?

జపాన్ నాయకుల యుద్ధ నేరాల విచారణ మీద 2016లో వచ్చిన ‘టోక్యో ట్రయల్’ సీరియల్‌ను ఎంతో ఆశగా చూశాను. 11 దేశాల న్యాయమూర్తులు, 1946 నుంచి రెండున్నరేళ్ల విచారణ, చివరికి ఏడుగురికి ఉరి. నిందితులెవరూ దోషులు కారని అసమ్మతి తీర్పు రాసిన రాధావినోద్ పాల్‌గా ఇర్ఫాన్ ఖాన్ నటన నిండుగా ఉంది.

కానీ నాలుగు భాగాలూ న్యాయమూర్తుల వాదోపవాదాల చుట్టూనే తిరిగాయి. నాన్‌జింగ్‌లో, మనీలాలో జపాన్ సైన్యం చేతిలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఎక్కడో దూరంగా ఉండిపోయారు. కర్నూలు మనిషిగా ఆ లోటు నాకు బాగా గుచ్చుకుంది. మా కర్నూలు, కడప పల్లెల్లో ఫ్యాక్షన్ కేసు నిలబడేదీ కూలేదీ సాక్షి నోటిమాట మీదే. కళ్లారా చూసినోడే కోర్టులో చూడలేదంటాడు. వాణ్ణి తప్పుపట్టలేను, సాయంత్రం బస్సు దిగాల్సింది మళ్లీ ఆ ఊళ్లోనే కదా!

మన సినిమాలు చేసిన అన్యాయం ఇంకా పెద్దది. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడాక తెరనిండా సుమోలు, వేటకొడవళ్లు. మొగుణ్ణి ప్రత్యర్థులు నరికేశాక ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగే ఆడమనిషి కథ ఎవరికీ పట్టలేదు. బాలగోపాల్ లాంటి హక్కుల కార్యకర్తలు రాయలసీమ ముఠాకక్షల గురించి ఎంతో రాశారు. అవి చదివి, ఆమెను నడిమధ్యన నిలబెట్టి ఎవరైనా సీరియల్ తీయాలి.