ఆటలో వైద్యురాలి వేషము

పాచికలనగానే మనకు ధర్మరాజు తలపునకు వచ్చును. ఆ వెంటనే ద్రౌపదియు తలపునకు వచ్చును. కావున మా యింట పాచికల సంచి విప్పినపుడు మా అత్తగారు ముఖము చిట్లించి "ఇంట్లో జూదమా?" యని యడుగుట సహజమే. గాని సోదరీమణులారా, ఈ యాటలో పణము లేదు. ఓడినవాడు గెలిచినవానికి ఇయ్యవలసినది లేదు. అసలు గెలుపు ఓటములే లేవు. అష్టాచెమ్మాలో కాయలు పండినచో ఆట ముగియును. వైకుంఠపాళిలో పరమపదము చేరినచో ముగియును. ఇందు కథ ముగిసిననే ఆట ముగియును. ఆ కథ యేండ్ల తరబడి సాగుటయు కలదు.

దీని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. పలుకుటకు నోరు తిరుగక మా యింట దీనిని గుహలాట యనుచున్నాము. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు కల్పింపగా 1974లో ఇది వెలువడెను. ఒకరు కథకులై కూర్చుందురు. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క వేషము దాల్తురు. వేషమనగా ముఖమునకు రంగు పూసికొనుట కాదు. చాపమీద కూర్చుండియే "నేను తలుపు తీస్తున్నాను", "నేను బాణం వేస్తున్నాను" అని చెప్పుటయే. చెప్పిన పని నెరవేరునో లేదో పాచిక తేల్చును. ఆ పాచికలును వింతవి. నాలుగు ముఖములది మొదలు ఇరువది ముఖముల దాక నున్నవి. మనము చిన్ననాడు కథ వినుచు, చెప్పువారిని "తరువాత నేమయ్యెను?" అని యడుగుచుంటిమి. ఇందు కథ చెప్పువాడే మనలను "తరువాత నీవేమి చేయుదువు?" అని యడుగును. భేదమంతయు నిదియే.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు ప్రాంతము నీట మునిగిన సంగతి మీ రెఱుగుదురు. మా ఆడపడుచు కాపురము అచ్చటనే. మరునాడు వారు పడవమీద వెలికి వచ్చి పటమటలోని మా యింటికి చేరిరి. ఆమె కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. వాని సంచిలో తడిసిన చొక్కాలు రెండు, ఈ పాచికలు మాత్రమే యుండెను. వాని చెల్లెలు తొమ్మిదేండ్ల పిల్ల. వచ్చినది మొదలు మాట తగ్గించి, పెరటి కొళాయి చప్పుడైనను ఉలికిపడుచుండెను. బడులకు సెలవు లిచ్చియుండిరి. "చెల్లి కోసం ఆడదాం అత్తయ్యా" అని వాడు నా చెవిలో చెప్పగా నేను సరే యంటిని.

వేషముల పంపకము జరిగెను. మావారు పదునైదేండ్లుగా బడిలో లెక్కలు చెప్పుచున్నవారు, బొద్దింకనైన చంపనివారు. ఆయన కత్తి పట్టు యోధుని వేషము కోరిరి. మా అబ్బాయి దొంగవేషము పుచ్చుకొనెను. (ఈ సంగతి వారి బడిలో తెలియకుండుగాక.) చిన్నది విలుకత్తె. నాకు మిగిలినది క్లెరిక్కు అను వేషము. దేవుని పేర మంత్రించి గాయములు మాన్పుట, తోడివారికి బలము కూర్చుట ఈ వేషమునకు ముఖ్యమైన పని.

"ఏరా, ఇంట్లో ఆడదాన్నని మందులూ కట్లూ నాకు పడేశావా?" అని యడిగితిని.

"కాదత్తయ్యా. మా హాస్టల్లో అందరం మగపిల్లలమే. అక్కడా ఈ వేషం ఎవ్వడూ తీసుకోడు. ఆలస్యంగా వచ్చినవాడి నెత్తిన పడుతుంది" అని వాడు దాపరికము లేక చెప్పెను.

ఎవ్వరును కోరని దానిలో నేమున్నదో చూడవలెనని నాకు పట్టుదల కలిగెను. పుస్తకము తెప్పించి చదివితిని. 1974 నాటి మొదటి గ్రంథమున వేషములు మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్కు. దొంగవేషము 1975లో గాని చేరలేదు. ఆ తొలి క్లెరిక్కునకు మొదటి మెట్టున ఒక్క మంత్రమైనను లేదు! పదునుగల ఆయుధము పట్టరాదు గాని గదవంటి మొద్దు ఆయుధము పట్టవచ్చును. అనగా ఈమె పుట్టుకతో దాది కాదు. గద పట్టి నిలిచిన మనిషి, వైద్యము తరువాత వచ్చినది. ఆ మాట చదివిన పిమ్మట నేను నా కాగితముమీద అన్నిటికంటె పైన "గద" అని పెద్ద అక్షరములతో వ్రాసికొంటిని.

మేము ఆడుచున్నది 2014 నాటి పుస్తకము ననుసరించి. మొదటి మెట్టుననున్న క్లెరిక్కునకు దినమునకు రెండు మంత్రప్రయోగములే లభించును. అందరును నిదురించి లేచిన గాని మరల రావు. గాయము మాన్పు మంత్రమునకు ఎనిమిది ముఖముల పాచిక నొక్కసారి వేసి, వచ్చిన సంఖ్యకు మన జ్ఞానబలము కలుపవలెను. 2024లో వచ్చిన కొత్త పుస్తకమున రెండు పాచికలు వేయవచ్చును. వైద్యురాలిపై వారికి కొంచెము జాలి కలిగినట్లున్నది. దీవెన మంత్రము వేరొకటి కలదు. ముగ్గురిని దీవించినచో వారు దెబ్బ కొట్టునపుడెల్ల నాలుగు ముఖముల పాచిక నొకటి అదనముగా వేసి కలుపుకొందురు. కొట్టినవాడు వాడే, పేరు వానిదే. గాని రెండంకెలు తక్కువై తప్పిపోవలసిన దెబ్బ తగిలినపుడు "ఇది అత్తయ్య పాచిక" అని కథకుడు పైకి చదువును.

నన్ను పట్టి నిలిపినది ఈ చదువుటయే. ఇంటిలో మనము చేయు సహాయమునకు అంకె లేదు. బియ్యపు డబ్బా అడుగు కనబడకమునుపే నిండియుండును. ఉదయమున ఇస్త్రీచొక్కా కొక్కెమున వ్రేలాడుచుండును. ఎంత చేసితిమో ఎవ్వరును లెక్కింపరు, లెక్కింపుమని మనము అడుగము. ఆటలో నేను చేసిన మేలు "ఏడు" అనియో "నాలుగు" అనియో పదిమంది వినుచుండగా పలుకబడి, తీసికొన్నవాని కాగితముమీద వ్రాయబడును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఇంటిలో అన్నము అందరికిని వడ్డింతుము. ఇందు ఉన్నవి రెండే మంత్రములు గనుక ఎవరికి ఇయ్యవలెనో, ఎవరికి లేదనవలెనో నేనే తేల్చవలెను. లేదనుట నాకు అలవాటు లేని విద్య.

మన గ్రంథములందు ఇట్టి వేషములు లేకపోలేదు. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రమునకు వానరసేన కూలినపుడు, బాణములు నాటుకొని కన్ను తెరువలేక పడియున్న జాంబవంతుడు విభీషణుని "హనుమంతుడు బ్రదికియున్నాడా?" అని మొదట యడుగును. రాముని అడుగడు, సుగ్రీవుని అడుగడు. అతడు బ్రదికియున్నచో సేన చచ్చియు బ్రదికినట్లే యని కారణము చెప్పి, ఓషధులు నాలుగింటి పేర్లు చెప్పి పంపును. సముద్రతీరమున హనుమంతునికి అతని బలము జ్ఞాపకము చేసినవాడును ఈ ముదుసలియే. ఎవరిని ముందు లేపవలెనో తెలిసికొనుటచే యుద్ధమును నిలిపినాడు. దీనికి ఎదురుగా శల్యుడు కలడు. కర్ణుని రథమెక్కి, పగ్గములు చేతబట్టి, ధర్మరాజునకిచ్చిన మాట చొప్పున అడుగడుగునను అతని ఉత్సాహము నీరు చేసెను. ప్రక్కన నిలుచువారి నోటికి అంత బలము కలదు. మావారు గుహలో గోడను కొట్టి కత్తి విరుగగొట్టుకొన్న దినమున నాకు శల్యుని మాటలు చాల నోటికి వచ్చినవి, మింగితిని.

మన కృష్ణాజిల్లా కూచిపూడివారి భామాకలాపమున మాధవి యున్నది గదా. సత్యభామ వేషమునకు వేదాంతం సత్యనారాయణశర్మగారు (2012లో కీర్తిశేషులైరి) ఎంత ప్రఖ్యాతులో చెప్పనక్కరలేదు. గాని మాధవి ప్రశ్న వేయనిదే భామ ఎవరితో చెప్పుకొనును? ఆ మాధవి వేషమును సూత్రధారుడే ధరించుట ఆ సంప్రదాయము. మేళమును నడుపు మనిషియే చెలికత్తె యగును. అది ఊరక జరిగిన యేర్పాటని నేననుకొనను.

ఇక మూడవనాటి రాత్రి. గుహలో గాబ్లిన్లు అను మరుగుజ్జు రక్కసులు మాపై బడిరి. దొంగ ముందుగనే చీకటిలోనికి జారుకొనెను. గుహ వాకిట యోధుడు కూలెను. లోపల ఏటి యొడ్డున విలుకత్తె కూలెను. ఏరన్నమాట వినగానే చిన్నదాని ముఖము వెలవెలబోయినది. ప్రాణసంఖ్య సున్నకు దిగినవారు తమ వంతు వచ్చినపుడెల్ల ఇరువది ముఖముల పాచిక వేయవలెను. పది గాని అంతకు మించి గాని వచ్చినచో ఒక గెలుపు, తగ్గినచో ఒక ఓటమి. మూడు ఓటములైనచో మరణము. మావారికి ఒకటి, చిన్నదానికి రెండు అయినవి. నా యొద్ద మిగిలినది ఒక్క మంత్రము. తాకినగాని అది పనిచేయదు.

"లెక్కకు చూడు," అని మావారు మెల్లగా అనిరి. "ఇరవైలో పదకొండు అంకెలు దాన్ని ఈ గండం దాటిస్తాయి. నన్ను లేపితే ఆ ఇద్దరినీ నేను చూసుకుంటాను." కథకుడును తల యూపెను. లెక్క తప్పు కాదు. కాని పాచిక పట్టుకొన్న ఆ పిల్ల చేయి వణకుచుండెను. దానిచేత ఆ పాచిక వేయించు తలంపు నాకు లేదు.

"నా మంత్రం చిన్నదానికి" అంటిని. ఎనిమిది ముఖములది వేయగా మూడు వచ్చెను, నా బలము మూడు, మొత్తము ఆరు. అది పెన్సిలు తీసికొని తానే తన కాగితముమీద ఆరు వేసికొనెను. లేచి ఒక రక్కసుని కొట్టెను. రెండవవానిని నా గద చూచుకొనెను. అంతలో మావారికి ఏడు వచ్చినది, మరల నాలుగు వచ్చినది. యోధుడు చనిపోయెను. ఆయన ఏమియు పలుకక కాగితము నాలుగు మడతలు పెట్టి జేబులో వైచుకొనిరి. భోజనముల వేళ దాక ఆయన మాట ముక్తసరిగానే యుండెను. మజ్జిగకు మాత్రము నన్ను అడుగవలసి వచ్చెను.

ఆ రాత్రి ప్రక్క సవరించుచుండగా చిన్నది నా కొంగు పట్టుకొని, "అత్తయ్యా, పడవలో చోటు లేదు. నన్ను ముందు ఎక్కించారు. నానమ్మ ఉండిపోయింది" అనెను. వారి నానమ్మ సాయంకాలపు పడవలో క్షేమముగా వచ్చి ఆ సమయమున ముందరి గదిలో గుఱ్ఱు పెట్టుచునేయుండిరి. ఆ మాటయే చెప్పితిని. "తెలుసు. కానీ అప్పుడు తెలియదుగా" అనెను. ఆ పిమ్మట చాలసేపు చెప్పెను: నీరు ఎన్ని మెట్లెక్కినది, తన పుస్తకముల సంచి ఎచ్చట పెట్టినది, పడవవాడు ఎట్టి టోపీ పెట్టుకొన్నది, అన్నియు. నేను "ఊఁ, తరువాత?" అనుచు కూర్చుంటిని.

మావారు ఇప్పుడు గాయకుని వేషమున నున్నారు. పాట రాకున్నను ఆటలో చెల్లుచున్నది. బురద కడిగి, గోడలు ఆరినపిమ్మట ఆడపడుచువారు తమ యింటికి పోయిరి గాని ప్రతి నెల రెండవ శనివారము పిల్లలు వచ్చుచున్నారు. ఈ మారు తాను వైద్యురాలినగుదుననియు, నా కాగితము తనకు ఇయ్యవలెననియు చిన్నది ఫోనులో కబురంపినది. కాగితము ఇత్తును గాని గద ఇయ్యనని చెప్పితిని.